తాళం చెవి ఎవరి దగ్గరుంది?

పోయిన వానకాలం, ఒక మధ్యాహ్నం. మబ్బు పడుతోందని అనుకునేలోపే వాన దంచికొట్టింది. వేపచెట్టు కింద చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చేస్తున్న ఆడవాళ్లు ఎనిమిది మంది ఒక్కసారే లేచారు. చాటలో కత్తిరించిన తునికాకు, డబ్బాలో తంబాకు, దారం ఉండ, పొద్దుటి నుంచి చేసిన బీడీల కట్టలు. అన్నీ కొంగుల కింద దాచుకొని ఎదురుగా ఉన్న కమ్యూనిటీ హాలుకు ఉరికారు. హాలుకు తాళం. ముందర వరండా ఉంది గానీ అది మనుషులు నిలబడటానికి కట్టింది కాదు, ఫొటోలో బాగా కనపడటానికి కట్టింది. వెడల్పు మూడడుగులు. ఎదురువాన నేరుగా వచ్చి గోడను కొడుతుంటే ఎనిమిది మందీ ఆ గోడకు వీపులు ఆనించి, చాటల్ని కడుపులకు హత్తుకొని నిలబడ్డారు. పావుగంటలో ఆకు నానిపోయింది. చేసిన బీడీలు మెత్తబడ్డాయి. తడిసిన బీడీని కార్ఖానాలో తీసుకోరు. ఇచ్చిన ఆకుకూ తంబాకుకూ లెక్క మాత్రం తప్పదు. తగ్గితే సొంత డబ్బు పెట్టి పూడ్చాలి.

వాళ్లలో ఒకామె నాకు వరసకు అత్త. కిటికీ అద్దానికి మొహం ఆనించి లోపలికి చూసి అన్నది: "లోపట కుర్చీలున్నయి బిడ్డా. నూరు కుర్చీలు. అవ్వి మంచిగ పొడిగున్నయి."

ఆమె కోపంతో అనలేదు. ఉన్నమాట చెప్పింది. అందుకే అది ఇంకా నన్ను వదల్లేదు.

ఊరి పేరు రాయను. దుబ్బాకకు ఆరేడు కిలోమీటర్లు, అంతవరకే. పేరు రాస్తే ఇది ఒక ఊరి పంచాయితీ అయిపోతుంది, పక్క ఊరివాడు "మనది కాదులే" అని పేజీ తిప్పేస్తాడు. నిజానికి సిద్దిపేట నుంచి హబ్సీపూర్ మీదుగా దుబ్బాక వచ్చే దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చొని చూడండి. గేటుకు గొలుసు, గొలుసుకు తాళం, తాళానికి తుప్పు, లోపల మోకాలెత్తు గడ్డి. అలాంటి భవనం కనపడకపోతే మీరు నిద్రపోయారని అర్థం.

మా ఊళ్లో ఇదివరకు ఒక పాత హాలు ఉండేది. జన్మభూమి రోజుల్లో కట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో 1997 జనవరి 1న ఆ కార్యక్రమం మొదలైంది. పనికి అయ్యే ఖర్చులో 30 శాతం జనం వాటా పెట్టుకుంటే మిగతాది ప్రభుత్వం ఇచ్చేది. ఆ పథకం మీద ఎన్ని విమర్శలున్నా, ఆ 30 శాతం అనే ముక్కలో ఒక సంగతి ఉంది. డబ్బున్నవాళ్లు డబ్బిచ్చారు, లేనివాళ్లు మట్టి మోశారు. మా నాయన రెండెడ్ల బండి కట్టి వాగు నుంచి ఇసుక తోలాడు. రేకుల కప్పు, షాబాదు బండల నేల, సున్నం గోడలు. అందం అనేది దాని దరిదాపులకు రాలేదు. కానీ ఆ హాల్లో పల్స్ పోలియో చుక్కలు వేశారు. పెళ్లివారికి విడిది ఇచ్చారు. సద్దుల బతుకమ్మ నాడు వానొస్తే బతుకమ్మల్ని లోపలికి తెచ్చి ఆడారు. రేకులు కాలే ఎండాకాలం తప్ప మిగతా రోజులన్నీ బీడీల చాటలు అందులోనే ఉండేవి. దానికి తాళం ఉండేది కాదు. తలుపుకు గొళ్లెం, గొళ్లెంలో ఒక పుల్ల. కుక్కలు చొరబడకుండా ఆ పుల్ల. మనుషులకు అడ్డం కాదు.

ఇరవై ఏళ్లకు రేకులు చిల్లులు పడ్డాయి. గోడ ఒకవైపు ఒరిగింది. అప్పుడు వచ్చింది 'భాగస్వామ్యం' అనే మాట.

మా ఊరి నుంచి పోయి విదేశాల్లో స్థిరపడినవాళ్లు కొందరు కలిసి ఒక ట్రస్టు పెట్టుకున్నారు. మంచివాళ్లే. సగం ఖర్చు ట్రస్టు, సగం పంచాయతీ అని ఒప్పందం కుదిరింది. నోటిమాటగానే కుదిరింది. ఆ సంగతి తర్వాత తెలిసింది. పాత హాలు పడగొట్టారు. కొత్తది లేచింది. జారిపోయే టైల్స్, ఫాల్ సీలింగు, గోడలకు రెండు ఏసీలు, నూరు ప్లాస్టిక్ కుర్చీలు. 2023లో అసెంబ్లీ ఎన్నికల కోడ్ పడకముందే ప్రారంభించాలని రాత్రింబగళ్లు పని చేయించారు. రిబ్బన్ కత్తిరించిన రోజు డీజే పెట్టారు. లడ్డూలు పంచారు. ఫ్లెక్సీలో ఎవరి ఫొటో చిన్నదైందో వాళ్ల మనుషులు అలిగిపోయారు. సాయంత్రం ఆరింటికి తాళం వేశారు.

మన భాషలో ప్రారంభోత్సవాన్ని ఓపెనింగ్ అంటాం. ఓపెనింగ్ అయిన రోజే మూతపడటం ఎట్లా సాధ్యమో మా ఊరు వచ్చి చూడండి.

వాన పడ్డ మర్నాడు నేను తాళం చెవి వెతకడానికి బయల్దేరాను. పిచ్చిపని అని తెలుసు. కానీ అత్త మాట చెవిలో ఉంది. మాజీ సర్పంచిని అడిగాను. "నేను దిగిపోయిన నాడే సెక్రటరీకి అప్పజెప్పిన కాక" అన్నాడు. ఆ సెక్రటరీకి బదిలీ అయింది. కొత్తగా వచ్చిన పిల్లకు రెండు ఊళ్ల అదనపు బాధ్యత ఉంది, ఊపిరి తిప్పుకునే తీరిక లేదు. "సార్, అది ట్రస్టు వాళ్ల బిల్డింగు కాదా?" అని నన్నే ఎదురడిగింది. ట్రస్టు తరఫున ఊళ్లో పనులు చూసే అబ్బాయి "మేం పంచాయతీకి హ్యాండోవర్ చేసినం" అన్నాడు. కాగితం చూపించమన్నాను. ఫొటో చూపించాడు. ఫొటోలో పెద్దమనిషి చేతికి ఇంకో పెద్దమనిషి పెద్ద అట్టముక్క తాళం చెవి ఇస్తున్నాడు. బంగారు రంగు కాగితం చుట్టిన అట్టముక్క. అసలు చెవి సంగతి అడిగితే నవ్వాడు. విదేశంలో ఉన్న ట్రస్టు పెద్దాయనకు వాట్సాప్‌లో రాశాను. ప్రారంభోత్సవం వీడియో మళ్లీ పంపించి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

నాలుగో రోజు తేలింది. చెవి కాంట్రాక్టరు దగ్గరుంది. ఆఖరి బిల్లు రాలేదని పట్టుకుపోయాడట.

ఇక్కడ నా కోపానికి చోటు దొరకలేదు. అతని ఇంటికి పోయాను. చిన్న మేస్త్రీ, కాంట్రాక్టరు అని పేరు. సిమెంటు దుకాణానికి బాకీ, ఇసుక ట్రాక్టరుకు బాకీ, ఇంట్లో బంగారం కుదువలో. "సారూ, బిల్లు ఇప్పియ్యున్రి, ఈ చెవి మీ చేతుల పెడ్త" అన్నాడు. ఎవర్ని అడగాలి? 2024 మొదట్లోనే సర్పంచుల పదవీకాలం ముగిసింది. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ఎన్నికలే పెట్టలేదు. ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం నుంచి రావాల్సిన ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. చేసిన పనులకు బిల్లులు రాక మాజీ సర్పంచులు హైదరాబాద్ దాకా పోయి ధర్నాలు చేశారు, అరెస్టయ్యారు. రాష్ట్రమంతా తెలిసిన కథే. ఆ పెద్ద కథలో మా హాలు తాళం చెవి ఒక చిన్న ముక్క. ఒక పేదవాడి బాకీకి ఇంకో ఎనిమిది మంది పేదవాళ్ల పొడిచోటు జామీను. పైన సంతకం పెట్టాల్సినవాళ్ల మీద మాత్రం వాన పడలేదు.

మళ్లీ వరండాలోకి పోయి గోడకున్న శిలాఫలకం చదివాను. నల్లరాయి, బంగారు అక్షరాలు. పేర్లు లెక్కపెట్టాను. పందొమ్మిది. గౌరవనీయులు, ముఖ్య అతిథులు, దాతలు, దాతల తల్లిదండ్రులు, మాజీలు, ప్రస్తుతాలు. హాలు ఎవరు ఊడుస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు, చెవి ఎవరి దగ్గర ఉంటుంది అన్న సంగతి ఆ రాయి మీద లేదు. రాయి మీద ఉండదు సరే, ఏ కాగితం మీదా లేదు.

ఈ రాయి పిచ్చి మా ఊరిది మాత్రమే కాదు, సర్కారు నిబంధనే. ఎంపీ నిధుల పథకం 1993 డిసెంబర్ 23న మొదలైంది. ఇప్పుడు ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. ఊరూరా కమ్యూనిటీ హాళ్లు లేచింది చాలావరకు ఆ డబ్బుతో, ఎమ్మెల్యే నిధులతో. ఏళ్లపాటు నడిచిన ఆ పథకం మార్గదర్శకాల్లో, పని పూర్తయిన చోట రాతి పలకో లోహపు పలకో శాశ్వతంగా పెట్టాలని ఉంది. దాని మీద ఖర్చు, తేదీలు, ఎంపీ పేరు ఉండాలి. అదే మార్గదర్శకాల్లో ఇంకో వాక్యమూ ఉంది. పని మంజూరు చేసేముందే, ఆ భవనాన్ని నడిపేది ఎవరో, మరమ్మతు చేయించేది ఎవరో వాళ్ల నుంచి గట్టి హామీ తీసుకోవాలి. రెండు వాక్యాలూ ఒకే పుస్తకంలోవి. మొదటిది ప్రతి ఊళ్లో గోడకెక్కింది. రెండోది ఎక్కడైనా కనపడితే నాకు చెప్పండి, చూడ్డానికి వస్తాను.

ఇక రైతు వేదికలు. 2020 అక్టోబర్ 31న జనగామ జిల్లా కొడకండ్లలో అప్పటి ముఖ్యమంత్రి మొదటిదాన్ని ప్రారంభించారు. రాష్ట్రవ్యాప్తంగా 2,601. ఒక్కోదానికి 22 లక్షలు, అందులో 12 లక్షలు వ్యవసాయ శాఖవి, 10 లక్షలు ఉపాధి హామీవి. గుణిస్తే 572 కోట్లు. ఆలోచన మంచిదే: అయిదు వేల ఎకరాలకో చోటు, అక్కడ రైతులు కూర్చొని విత్తనం గురించి, ధర గురించి మాట్లాడుకోవాలి. నిర్వహణకు నెలకు 9 వేలు ఇస్తామన్నారు. ఆ డబ్బు నెలల తరబడి రాలేదని, కరెంటు బిల్లు, ఊడ్చేవాళ్ల కూలీ వ్యవసాయ విస్తరణ అధికారులే జేబులోంచి పెట్టుకున్నారని పత్రికల్లో చదివాం. 22 లక్షలు దొరికిన చోట 9 వేలు దొరకలేదు! ప్రభుత్వం మారింది. 2024 మార్చిలో 'రైతు నేస్తం' అని వీడియో కాన్ఫరెన్సు పెట్టారు. కొన్ని వేదికలకు టీవీలు వచ్చాయి, మంగళవారం మంగళవారం తలుపు తెరుచుకుంటోంది. మిగతా ఆరు రోజులు ఆ టీవీకి కాపలాగా తాళం. రైతు కూర్చోవాల్సిన చోట టీవీ కూర్చుంది, మా హాల్లో కుర్చీలు కూర్చున్నట్టు.

కట్టడానికి డబ్బుంటుంది, నడపడానికి ఉండదు. ఎందుకంటే కట్టడంలో బిల్లుంది, కమీషనుంది, రాయి ఉంది, రిబ్బనుంది. నడపడంలో చీపురుంది. చీపురు పట్టుకున్న ఫొటో ఏడాదికి ఒక్కరోజు, అక్టోబర్ 2న చాలు.

ఇక్కడ ఇంకో మాట. దీన్ని రాయడానికి కాస్త జంకుగా ఉంది, రాయకపోతే అబద్ధమవుతుంది. 'కమ్యూనిటీ' అనే మాటకు మన దగ్గర అర్థం ఏమిటి? పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు "మీ కమ్యూనిటీయేనా?" అంటాం. అంటే కులం. కమ్యూనిటీ హాలు అన్నా అదే అయింది. మా మండలంలో ఏ ఊరికైనా పోండి, ఊరందరికీ ఒక హాలు ఉండదు గానీ కులానికో భవనం ఉంటుంది. సగం కట్టి వదిలేసినవి, పిల్లర్ల దగ్గర ఆగినవి, స్లాబు పడి తలుపులు లేనివి. దళితవాడలో అంబేద్కర్ భవనం ఊరికి అటు చివర. ఇదే పని హైదరాబాద్‌లో పెద్ద ఎత్తున చేశారు: కోకాపేట, ఉప్పల్ భగాయత్‌లలో 41 బీసీ కులాలకు ఆత్మగౌరవ భవనాలకని స్థలాలిచ్చారు. వందల ఏళ్లు ఊరి నడుమ చావడిలోకి అడుగుపెట్టనివ్వని కులాలకు సొంత గూడు కావాలన్న ఆశ న్యాయమైందే. దాన్ని నేను తప్పుపట్టను. పటేలు, పట్వారీ అరుగు మీద కూర్చుంటే మిగతా ఊరు కింద నిలబడిన చావడి మాకు తెలుసు. 1980లలో ఆ పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. ఆ అరుగు పోయాక దాని చోట అందరూ సమానంగా కూర్చునే గది ఒకటి రావాలి. రాలేదు. బదులుగా అరుగును ముక్కలు చేసి కులానికో ముక్క పంచారు.

ఎందుకు పంచరు? 2020 నవంబర్‌లో దుబ్బాక ఉప ఎన్నిక గుర్తుందా? ఎమ్మెల్యే సోలిపేట రామలింగారెడ్డి చనిపోవడంతో వచ్చిన ఆ ఎన్నిక కోసం రాష్ట్రంలో ఉన్న కెమెరాలన్నీ మా గల్లీల్లోకి వచ్చాయి. ఎప్పుడూ చూడని నాయకులు మా గడపల మీద కూర్చొని టీ తాగారు. రఘునందన్ రావు గెలిచింది 1,079 ఓట్లతో. వెయ్యి ఓట్లతో ఎమ్మెల్యే అటో ఇటో అయ్యే చోట, మూడు వందల ఓట్లున్న కుల సంఘానికి పది లక్షల భవనం హామీ ఇవ్వడం చవక బేరం. ఊరందరి హాలుకు ఓటు లేదు. అందరిదీ అయినది ఎవరి ఖాతాలోనూ పడదు.

ఇదే ఉమ్మడి మెదక్ జిల్లా సంగతి ఇంకొకటి చెబుతాను. 1930 మార్చిలో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటిసారి జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. అప్పటికి గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అమల్లో ఉంది. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. నలుగురు కూర్చుని తెలుగులో మాట్లాడుకోవడమే అనుమానించదగ్గ పని. ఆ రోజుల్లో మనవాళ్లకు కూర్చునే చోటు ఎక్కడిది? అందుకే అంతకు ముందు నుంచే చందాలు వేసుకొని గ్రంథాలయాలు పెట్టుకున్నారు. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం మొదలైంది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం. వాటికి ప్రభుత్వ గ్రాంటు లేదు, అనుమానం మాత్రం పుష్కలంగా ఉంది. అవి పుస్తకాలున్న గదులు మాత్రమే కావు. మనుషులు కూర్చున్న గదులు. కూర్చుంటేనే మాట, మాట ఉంటేనే మహాసభ.

అప్పుడు కూర్చోనివ్వకుండా ఫర్మానా కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక తాళంకప్ప చాలు, అదీ మన చందాలతో కొన్నది.

ఆ గ్రంథాలయాల వారసత్వం ఏమైందో కూడా చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో ప్రజా గ్రంథాలయాల చట్టం చేశారు, తెలంగాణలోనూ అదే నడుస్తోంది. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు ఎక్కడా ఆగదు. జమ చేయడం దగ్గరే చేతులు రావు. రాష్ట్రంలో ఎన్నో మున్సిపాలిటీలు ఏళ్ల తరబడి బాకీ. మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి, ఆ గడి ఉంటుంది. ఆ 8 పైసలు మీవి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు గ్రంథాలయంలో చోటు లేక మెట్ల మీద చాపలేసుకుని కూర్చుంటున్నారు. అదే ఊళ్లో కమ్యూనిటీ హాలు ఖాళీగా, ఫ్యాన్లతో సహా, తాళంలో. ఈ రెంటినీ కలిపి ఆలోచించే బుర్ర ఒక్కటి ఏ ఆఫీసులోనూ లేదా?

ట్రస్టు పెద్దలారా, ఇప్పుడు మీతో. మీరు డబ్బు పంపించారు. మాకు తెలుసు, అది చలిలో, రాత్రి షిఫ్టుల్లో సంపాదించిన డబ్బు. ఊరి మీద మీకున్న ప్రేమను ఎవరూ కాదనరు. కానీ మీ ప్రేమకు నల్లరాయి ఎందుకు కావలసి వచ్చింది? బడులకు విరాళమిస్తే పేరు పెడతామని ప్రభుత్వమే ధర కట్టి మీకు అలవాటు చేసింది, నిజమే. మీ అమ్మానాన్నల పేరు గోడ మీద ఉంది. మీ అమ్మ ఆ పాత హాల్లోనే కూర్చొని బీడీలు చేసి మీకు ఫీజులు కట్టింది. ఆమె ఈడు ఆడవాళ్లు ఇప్పుడు ఆమె పేరు కింద వానలో తడుస్తున్నారు. ఏసీలు పెట్టించే ముందు ఒక్కసారి ఫోన్ చేసి "మీకేం కావాలి?" అని అడిగితే మా అత్త చెప్పేది: వరండా వెడల్పు చేయండి, నేల మీద టైల్స్ వద్దు, బండలు పరచండి, బీడీ చేసేటోళ్లు నేల మీదే కూర్చుంటరు. అడగలేదు. డ్రాయింగు హైదరాబాద్‌లో గీశారు, అంగీకారం వాట్సాప్‌లో తెలిపారు.

భాగస్వామ్యం అంటే ఇట్లాగే ఉంటుందా? ఉండనక్కర్లేదు. వరంగల్ దగ్గర గీసుకొండ మండలంలో గంగదేవిపల్లి ఉంది. 2015 ఆగస్టు 17న గ్రామజ్యోతి పథకాన్ని కేసీఆర్ ఆ ఊళ్లోనే మొదలుపెట్టారంటే దాని పేరు అంతది. 1990లలో అక్కడ మంచినీళ్ల ట్యాంకు కట్టుకునేటప్పుడు బాల వికాస సంస్థ సాయం చేసింది. కానీ ఊరివాళ్లు వాటా పెట్టుకున్నాకే పని మొదలైంది, నడిపేందుకు ఊరివాళ్ల కమిటీ ముందే ఏర్పడింది. తర్వాత వందల ఊళ్లలో ఆ సంస్థ పెట్టించిన నీటి శుద్ధి ప్లాంట్లకూ అదే పద్ధతి. చోటు పంచాయతీది, యంత్రం సంస్థది, వాటా ఊరిది. క్యాను నీళ్లకు కొద్దిపాటి డబ్బు తీసుకుంటారు, ఆ డబ్బులోంచే ప్లాంటు నడిపే మనిషికి జీతం. ఆ మనిషే అసలు కీలకం. పొద్దున్నే లేచి తలుపు తెరిచే మనిషి, తెరిచినందుకు కూలి దొరికే మనిషి. తెరవకపోతే మధ్యాహ్నానికల్లా ఊరు అతని ఇంటి ముందు నిలబడుతుంది. మా హాలు తెరవకపోతే ఎవరి ఇంటి ముందు నిలబడాలి? పందొమ్మిది మంది ఇళ్ల ముందా?

కేరళలో 1945లో పి. ఎన్. పణిక్కర్ అనే బడిపంతులు 47 ఊరి గ్రంథాలయాలను ఒక సంఘంగా కలిపాడు. తర్వాత ప్రభుత్వం గ్రాంటు ఇచ్చింది గానీ నడపడం ఊరి చేతుల్లోనే ఉంచింది. అక్కడ సాయంత్రమైతే ఆ గదుల్లో లైటు వెలుగుతుంది. లైటు పేరు మీద ఎవరూ రాయి వేయించుకోలేదు.

ఇది పెద్ద తంతు కాదు. ఇరవై లక్షలతో హాలు కట్టేవాళ్లు పద్దెనిమిది లక్షలతో కట్టి, ఆ రెండు లక్షలు ఊరి పేరున బ్యాంకులో డిపాజిట్ వేస్తే వడ్డీతో నెలకు వెయ్యి రూపాయలు వస్తాయి. కరెంటు బిల్లు అయిపోతుంది. ఏసీలు పెట్టకపోతే పెద్ద బిల్లే ఉండదు. పెళ్లికో దినానికో వాడుకున్నవాళ్లు ఇచ్చే అద్దె ఊడ్చే మనిషికి. ట్రస్టు, పంచాయతీ, ఊరి మహిళా సంఘం ముగ్గురూ సంతకం పెట్టిన ఒక్క కాగితం. దాని నకలు శిలాఫలకం పక్కనే అద్దంలో. ఎన్నింటికి తెరవాలి, ఎవరు తెరవాలి, తెరవకపోతే ఎవర్ని అడగాలి. పది వాక్యాలు కూడా కావు. ఇంత చిన్న కాగితం లేకుండా లక్షల బిల్లులు పాస్ చేసిన ప్రతి సంతకం వెనుక ఒక చదువుకున్న మనిషి ఉన్నాడు. అదే నా మంట.

నా మంట మా మీద కూడా. మేం ఏం చేశాం? పాత హాలు పడగొడుతుంటే సెల్ఫీలు తీసుకున్నాం. లడ్డూ తిన్నాం. తాళం పడ్డ రెండేళ్లలో ఒక్క గ్రామసభలో కూడా నోరు తెరిచి అడగలేదు. నేను అడగలేదు. అత్త చాట తడిసేదాకా నాకు ఆ తాళం కనపడనే లేదు, రోజూ దాని ముందు నుంచే పాల ప్యాకెట్టు తెచ్చుకుంటూ కూడా.

మా తొగుట పక్క మల్లన్నసాగర్ కింద ఊళ్లకు ఊళ్లే మునిగాయి. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్. వాళ్ల గుళ్లు, కచేరీలు, రచ్చకట్టలు నీళ్ల కింద ఉన్నాయి. వాళ్లు మళ్లీ కూర్చుందామన్నా ఆ కట్టలు లేవు. మాకున్నది మునగలేదు. పొడిగా ఉంది. తాళంలో ఉంది.

2025 డిసెంబర్‌లో గెలిచిన కొత్త సర్పంచి గారికి, మా ఊరి తరఫున కాదు, వరండాలో నిలబడ్డ ఎనిమిది మంది తరఫున ఒక మనవి. ఆ మేస్త్రీ బిల్లు ముందు తేల్చండి. గ్రామసభ పెట్టి ఆ కాగితం రాయించండి. అది ఆలస్యమవుతుందంటారా, ఫైలు సిద్దిపేట పోయి రావాలంటారా, సరే. అందాకా ఒక్క పని చేయండి. హాలు ఎదురుగా టీ హోటల్ ఉంది. తెల్లవారి నాలుగింటికే పొయ్యి వెలిగిస్తారు, రాత్రి తొమ్మిది దాకా మనుషులుంటారు. ఆ హోటల్ గోడకు తాళం చెవి తగిలించండి. కావలసినవాళ్లు తీసుకుంటారు, పని అయ్యాక పెట్టేస్తారు. గోడకు మేకు లేదంటారేమో, నేను తెస్తాను.